రాయి, నీరు, దారి

గుంటూరులో మాచర్ల బండి ఎక్కి కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికునికి, నాలుగైదు గంటలలో నేల తన రూపాన్ని ఎన్నిసార్లు మార్చుకుంటుందో తెలిసి వస్తుంది. సత్తెనపల్లి దాటేవరకు నల్లరేగడి చేలు, పత్తి, మిరప పైరులు కంటికి ఇంపుగా కనిపిస్తాయి. పిడుగురాళ్ళ సమీపిస్తున్నకొద్దీ చెట్ల ఆకుల మీద తెల్లని పొడి పేరుకొని ఉంటుంది. నడికుడి కూడలిలో ప్రధానమార్గం కృష్ణానదిని దాటి సికింద్రాబాదు వైపు సాగిపోతుంది. మాచర్ల శాఖామార్గం గురజాల, రెంటచింతల మీదుగా రాతిపలకలు పరచినట్టున్న నేలలోకి ప్రవేశిస్తుంది. ఇదే పల్నాడు.

ఎదురుగా వచ్చే బండిలో మరొక దృశ్యం కనిపిస్తుంది. చేతిసంచులతో, పెట్టెలతో యువకులు గుంటూరుకో, విజయవాడకో, హైదరాబాదుకో బయలుదేరి ఉంటారు. కొందరు చదువు కోసం, కొందరు ఉద్యోగం కోసం, మరికొందరు ఏ పని దొరికితే ఆ పని కోసం వెళుతుంటారు. పల్నాటి రాయి వ్యాగన్లలో వెళుతుంది. పల్నాటి యువకుడు బోగీలో వెళతాడు. రాయి తిరిగి రాదు. యువకుడు తిరిగి వస్తాడా, రాడా అన్నది ఈ సీమ సాధించబోయే ప్రగతిపై ఆధారపడి ఉంది.

పల్నాడు అనగానే తెలుగువారికి మొదట స్ఫురించేది వీరచరిత్ర. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, బాలచంద్రుడు, కారంపూడి రణరంగం, నాగులేటి తీరం తరతరాలుగా జనుల నోళ్ళలో నిలిచి ఉన్నాయి. గురజాల, మాచర్ల ఒకనాడు రాజధానులు. చారిత్రకమైన పల్నాడు ప్రధానంగా ఈ ప్రాంతానికే చెందినా, 2022వ సంవత్సరం ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన పల్నాడు జిల్లా అంతకంటె విశాలమైనది. గుంటూరు జిల్లా నుండి వేరుపడిన ఈ జిల్లాకు నరసరావుపేట ముఖ్యపట్టణం. 28 మండలాలు గల ఈ ప్రాంతంలో 2011 జనాభా లెక్కల ప్రకారమే 20 లక్షలకు పైగా ప్రజలు నివసిస్తున్నారు.

జిల్లా ఏర్పడినంత మాత్రాన అభివృద్ధి దానంతట అది నడచి రాదు. ఒక ప్రాంతం పారిశ్రామికంగా ఎదగడానికి ప్రకృతి ఇచ్చిన ముడిపదార్థం, ప్రాణాధారమైన జలం, సరకును చేరవేసే మార్గం కావాలి. పల్నాటి భాషలో చెప్పాలంటే రాయి, నీరు, దారి కావాలి. ఈ మూడింటినీ ఒక్కచోట చేర్చి ఫలితం రాబట్టే మనిషి కూడా ఉండాలి. ఈ నాలుగింటిలో పల్నాటికి ఉన్నదేది, కొరవడినదేది అని విచారించడం అవసరం.

మొదట రాయి. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు శిలలను కడప, కర్నూలు శిలాసముదాయంలో భాగంగా పరిగణిస్తారు. ఇక్కడ సున్నపురాయి విస్తారంగా లభిస్తుంది. ఇళ్ళలో పరచుకొనే మాచర్ల నాపబండలు రాష్ట్రమంతటా పరిచితమైనవే. ఒకప్పుడు సేద్యానికి అడ్డమని రైతు నిందించిన రాయే కాలక్రమంలో సంపదగా మారింది. నాగార్జునసాగరం నిర్మాణం సాగుతున్న కాలంలోనే, 1958లో కె.సి.పి. సంస్థ మాచర్లలో సిమెంటు కర్మాగారాన్ని ప్రారంభించింది. తరువాతి దశాబ్దాలలో దాచేపల్లి, రెంటచింతల మండలాలలో మరికొన్ని సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. కృష్ణకు ఆవలి ఒడ్డున తెలంగాణలోనూ ఇదే రాతిని నమ్ముకొని అనేక కర్మాగారాలు పనిచేస్తున్నాయి.

సిమెంటు కర్మాగారం నగరానికి దూరంగా, రాతిగని పక్కనే ఎందుకు నెలకొంటుందన్నది విద్యార్థులు గమనింపదగిన విషయం. ఒక టన్ను క్లింకరు తయారు కావాలంటే సుమారు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి అవసరమవుతుంది. సున్నపురాయిని మట్టితో కలిపి సుమారు 1450 డిగ్రీల వేడిలో కాలిస్తే క్లింకరు ఏర్పడుతుంది. దానిని జిప్సముతో కలిపి మెత్తగా నూరితే సిమెంటు అవుతుంది. బరువు ఎక్కువ, వెల తక్కువ అయిన రాతిని దూరాలకు మోయడం కంటె, రాయి ఉన్నచోటికే కర్మాగారాన్ని తీసుకొని రావడం లాభసాటి. అందువల్లనే పల్నాటికి పరిశ్రమను పిలిచి తెచ్చినది రాయే అనడం అతిశయోక్తి కాదు.

పిడుగురాళ్ళ కథ ఇంకొక తీరుగా నడిచింది. అక్కడి తెల్లరాతిని బట్టీలలో కాల్చి సున్నం తయారుచేస్తారు. గోడలకు వేసే వెల్లసున్నం మాత్రమే దీని ప్రయోజనమని చాలామంది భావిస్తారు. చక్కెర కర్మాగారంలో చెరకు రసాన్ని శుద్ధిచేయడానికి, కాగితం తయారీకి, ఉక్కు కొలిమిలో మలినాలను తొలగించడానికి, తోళ్ళ పరిశ్రమకు, తాగునీటి శుద్ధికి కూడా సున్నం కావాలి. ఒక చిన్న పట్టణం పేరు సున్నానికి పర్యాయపదంగా మారిందంటే, దాని వెనుక వందలాది బట్టీదారుల సాహసం, వేలాది కూలీల చెమట ఉన్నాయి.

అయితే ఆ తెల్లదనం వెనుక నల్లని నీడ కూడా ఉంది. నూరు కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే మిగిలేది 56 కిలోల సున్నమే. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసిపోతాయి. ఇంధనపు పొగ దానికి అదనం. బట్టీ ముందు నిలబడి రాతిని ఎగదోసే కూలీ ముఖానికి ఒక తువ్వాలు తప్ప వేరే రక్షణ ఉండదు. రోజంతా దుమ్మును పీల్చినవాడికి దగ్గు రాకుండా ఎలా ఉంటుంది? తవ్వి వదలిన క్వారీ గుంతలు వానకాలంలో చెరువుల్లా నిండి, ఈతకు దిగిన పిల్లలకు ప్రాణాంతకమయ్యే ప్రమాదం ఉంది. గుంత చుట్టూ కంచె వేయించడానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. బాధ్యత ఉంటే చాలును.

గని శాశ్వతం కాదని కూడా పల్నాడు తన అనుభవంతోనే తెలుసుకొన్నది. బొల్లాపల్లి మండలంలోని బండ్లమోటు వద్ద, అగ్నిగుండాల ఖనిజక్షేత్రంలో, కొంతకాలం సీసపు ఖనిజాన్ని తవ్వి తీశారు. తరువాత ఆ గని మూతపడింది. గని నడిచినన్నాళ్ళు ఉండే సందడి, గనితోపాటే ఆగిపోతుంది. భూమి లోపలి నిధిని తరం వెంట తరం తవ్వుకొనేవారు, అది తరిగిన తరువాత ఏమి చేయాలో ముందుగానే ఆలోచించుకోవాలి.

ఈ విషయంలో విదేశాల నుండి నేర్చుకోదగిన పాఠం ఒకటి ఉంది. కెనడా దేశపు వాంకూవర్ ద్వీపంలో ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఒక సిమెంటు కర్మాగారపు యజమాని, సున్నపురాయి అయిపోయిన తరువాత పెద్ద గొయ్యిని మిగిల్చాడు. ఆయన భార్య జెన్నీ బుచార్ట్ ఆ గొయ్యిలో మన్ను నింపించి, మొక్కలు నాటించి, దానిని ఉద్యానవనంగా తీర్చిదిద్దింది. నేడు బుచార్ట్ ఉద్యానాలను చూడడానికి ప్రపంచం నలుమూలల నుండి జనం వస్తారు. రాయి పోయినచోట పూలు పూయించిన ఆ గృహిణి చేసిన పని, పల్నాటి క్వారీల యజమానులకు అసాధ్యమైనదేమీ కాదు.

ఇక నీటి సంగతి. పల్నాటికి ఉత్తరపు సరిహద్దుగా కృష్ణ ప్రవహిస్తున్నా, శతాబ్దాలపాటు ఈ సీమ దాహంతోనే జీవించింది. జొన్నకూడును, రాళ్ళను ప్రస్తావిస్తూ పల్నాటిని ఎత్తిపొడిచిన చాటుపద్యాలు శ్రీనాథుని పేరున నేటికీ ప్రచారంలో ఉన్నాయి. ఆ నిందను తుడిచివేసినది నాగార్జునసాగరం. 1955వ సంవత్సరం డిసెంబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. 1967వ సంవత్సరం ఆగస్టు 4వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. కుడికాలువకు జవహర్ కాలువ అని పేరు. సుమారు 203 కిలోమీటర్లు ప్రవహించే ఈ కాలువ నాటి గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టపొలాలను మాగాణిగా మార్చింది. జొన్నకూడు తిన్న ఊళ్ళలో వరికంకులు వంగాయి. ధాన్యం, పత్తి, మిరప వ్యాపారంతో నరసరావుపేట పెద్ద పట్టణంగా ఎదిగింది.

నీరు అందరికీ సమానంగా అందలేదన్నది దీనికి రెండవ పార్శ్వం. కాలువ నేల వాలును అనుసరించి ప్రవహిస్తుంది. మెరక మీద ఉన్న ఊరి దాహం దానికి వినిపించదు. సాగరానికి కూతవేటు దూరంలో ఉండి కూడా వెల్దుర్తి, బొల్లాపల్లి వంటి మండలాలు వానచుక్క కోసం ఎదురుచూస్తూ వచ్చాయి. భూగర్భజలంలో ఫ్లోరైడు కలిసి ఉండడం వల్ల కొన్ని పల్లెలలో ఎముకలు, పళ్ళు దెబ్బతిన్నవారు ఉన్నారు. ఈ మెరక ప్రాంతాలకు కృష్ణాజలాలను ఎత్తిపోయడానికి ఉద్దేశించిన వరికపూడిశెల పథకానికి 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగింది. దశాబ్దాల నిరీక్షణ తరువాత పడిన ఆ అడుగు, పొలం గట్టున పారే నీరుగా మారేవరకు రైతు దానిని పూర్తిగా విశ్వసించడు. చాలాకాలం ఎదురుచూసినవాని సందేహం అది. దానిని తప్పుపట్టడానికి వీలులేదు.

పరిశ్రమకూ నీరు కావాలి, పొలానికీ నీరు కావాలి. సాగరంలో నీటిమట్టం తగ్గిన సంవత్సరాలలో ఈ రెండింటి మధ్య పోటీ తప్పదు. కనుక పల్నాటిలో నెలకొనే పరిశ్రమ తక్కువ నీటితో పనిచేసేదిగా, వాడిన నీటిని శుద్ధిచేసి తిరిగి వాడుకొనేదిగా ఉండాలి. ఎండలు మండే రెంటచింతల పేరు వేసవిలో వార్తలలో వినిపిస్తూనే ఉంటుంది. ఆ ఎండను శాపమని తిట్టుకొనే బదులు సౌరవిద్యుత్తుగా మలచుకొంటే, ఒకనాటి రాయి వలెనే ఎండ కూడా సంపద అవుతుంది.

మూడవది దారి. నరసరావుపేట గుంటూరు, గుంతకల్లు రైలుమార్గంలో ఉంది. ఈ మార్గాన్ని జంటమార్గంగా మార్చే పని చేపట్టారు. నడికుడి మీదుగా గుంటూరు నుండి బీబీనగరు వరకు ఉన్న 239 కిలోమీటర్ల మార్గాన్ని కూడా జంటమార్గం చేయడానికి 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అన్నింటికంటె ప్రధానమైనది నడికుడి, శ్రీకాళహస్తి నూతన రైలుమార్గం. 2011-12లో మంజూరైన ఈ 309 కిలోమీటర్ల మార్గంలో పిడుగురాళ్ళ, శావల్యాపురం మధ్య భాగం ముందుగా పూర్తయింది. మిగిలినది కూడా పూర్తయితే, కోస్తా ప్రధానమార్గానికి సమాంతరంగా హైదరాబాదు నుండి చెన్నై వైపు వెళ్ళే మరో దారి ఏర్పడుతుంది. రైలుకూత ఎన్నడూ వినని పల్లెలు ఆ దారిలో ఎన్నో ఉన్నాయి.

రోడ్ల విషయంలోనూ ఆశాజనకమైన మార్పు కనిపిస్తుంది. నార్కట్‌పల్లి నుండి అద్దంకి వెళ్ళే రహదారి దాచేపల్లి, పిడుగురాళ్ళ మీదుగా సాగి, హైదరాబాదు మార్గాన్ని చెన్నై మార్గంతో కలుపుతుంది. పిడుగురాళ్ళ నుండి నరసరావుపేట, చిలకలూరిపేట, చీరాలల మీదుగా వాడరేవు సముద్రతీరానికి చేరే 167ఎ జాతీయ రహదారిని విస్తరించే పనులు చేపట్టారు. పల్నాటి పొరుగున ఉన్న అమరావతిలో 2015లో శంకుస్థాపన జరిగిన రాజధాని నిర్మాణం మధ్యలో కుంటుపడి, 2024 తరువాత తిరిగి ఊపందుకొన్నది. రాజధాని చుట్టూ ప్రతిపాదించిన బాహ్యవలయ రహదారి పల్నాడు జిల్లా మీదుగా కూడా వెళుతుంది. రాజధాని కట్టడానికి సిమెంటు, కంకర, రాతిపలకలు కావాలి. అవన్నీ ఇక్కడే ఉన్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. దారి రెండువైపులా నడుస్తుంది. మంచి రహదారి పడితే పల్నాటి సరకు నగరానికి త్వరగా చేరుతుంది. నగరపు సరకు కూడా పల్నాటి అంగడిని అంతే త్వరగా ముంచెత్తుతుంది. ముడిసరకును అమ్ముకొని, తయారైన వస్తువును తిరిగి కొనుక్కొనే ప్రాంతం ఎన్ని రోడ్లు వేసినా సంపన్నం కాదు. పల్నాటి రైతు మిరపకాయలను గోతాలలో నింపి గుంటూరు యార్డుకు తరలిస్తాడు. ధర పడిపోయిన సంవత్సరంలో తిరుగు ప్రయాణపు కిరాయి కూడా అతనికి భారమవుతుంది. అదే మిరపను ఇక్కడే నిలువచేసి, కారంగా, తైలంగా మార్చి అమ్మగలిగితే అతని స్థితి వేరుగా ఉంటుంది. యడ్లపాడు మండలం వంకాయలపాడులో సుగంధద్రవ్యాల మండలి నెలకొల్పిన పార్కు ఈ ఆలోచనకు అనుగుణమైనదే. చిలకలూరిపేట దాపున గణపవరం ప్రాంతంలో వెలసిన నూలు మిల్లులు పత్తికి ఇటువంటి విలువనే కల్పించాయి.

రాతికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. తెల్లరాతిని ముక్కలుగా అమ్మితే వచ్చే వెల ఒకటి. కాల్చి సున్నంగా అమ్మితే వచ్చే వెల మరొకటి. ఆ సున్నాన్నే ఇంకా శుద్ధిచేసి, దంతధావన చూర్ణాలకు, రంగులకు, మందులకు పనికివచ్చే సన్నని కాల్షియం కార్బొనేటుగా మార్చితే వచ్చే వెల వేరొకటి. ఈ మెట్లు ఎక్కడానికి రాయి ఒక్కటే చాలదు. రసాయనశాస్త్రం తెలిసిన యువకులు కావాలి. నేటి సిమెంటు కర్మాగారం ఎంత పెద్దదైనా, యంత్రాలు అధికం, ఉద్యోగాలు పరిమితం. కాగా చిన్న పరిశ్రమలు, మరమ్మతు శాలలు, ఆహార పదార్థాల తయారీ, రవాణా, పర్యాటకం ఎక్కువమందికి పని కల్పించగలవు. నాగార్జునకొండ, ఎత్తిపోతల జలపాతం, కారంపూడి, కోటప్పకొండ, అమరావతి స్తూపం ఉన్న ప్రాంతానికి యాత్రికుల కొరత ఉండకూడదు. కొరత ఉన్నది వసతులకే.

ఈ విచారమంతా చివరకు నాలుగవ అంశమైన మనిషి దగ్గరకే చేరుతుంది. నరసరావుపేట 1915లోనే పురపాలక సంఘమైంది. 1950లో అక్కడ శ్రీ సుబ్బరాయ, నారాయణ కళాశాల ఏర్పడింది. 2016లో జె.ఎన్.టి.యు. కాకినాడకు అనుబంధంగా ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల వచ్చింది. లక్షకు పైబడిన జనాభాగల ఆ పట్టణంలో విద్యకు కొదవలేదు. చదువు పూర్తిచేసినవానికి ఊరిలో పని దొరకకపోవడమే కొదవ. సిమెంటు కర్మాగారానికి ఇంజనీరు, గనికి భూగర్భశాస్త్రజ్ఞుడు, బట్టీకి కాలుష్య నియంత్రణ నిపుణుడు ఎక్కడినుండో రావలసిన అగత్యం ఎందుకు? కళాశాలలు, కర్మాగారాలు పరస్పరం మాట్లాడుకోగలిగితే ఈ ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుంది. మిగిలిన సగం శాంతిలో ఉంది. గ్రామకక్షలు చెలరేగే చోట పెట్టుబడి కాలుమోపదు. వీరత్వానికి పేరుపొందిన సీమ, అన్నదమ్ముల కలహం ఎంతటి వినాశనాన్ని తెచ్చిందో కారంపూడి సాక్షిగా ఏటా స్మరించుకొంటూనే ఉంది.

పల్నాటి చరిత్రలో మరో ఘట్టం కూడా ఇక్కడ గుర్తుకు వస్తుంది. బ్రిటిషు పాలనలో, తమ అడవిలో తమ పశువులు మేసినందుకు పుల్లరి పన్ను కట్టవలసి వచ్చినప్పుడు, మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు ఎదురు నిలిచి 1922 ఫిబ్రవరిలో ప్రాణాలు అర్పించాడు. మన నేలలోని సంపదపై మనకు హక్కు లేదా అన్నదే ఆనాటి ప్రశ్న. ఇప్పుడు ఆ ప్రశ్న రూపం మార్చుకొన్నది. ఈ నేలలోని రాయి లోకానికి ఇళ్ళు కడుతున్నది. ఆ రాయి తవ్విన ఊరిలో బడికి గోడ, దాహానికి మంచినీరు, దగ్గుకు మందు ఉన్నాయా? గనుల వల్ల నష్టపోయే ప్రాంతాల సంక్షేమం కోసం 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధిని ఏర్పాటు చేశారు. గనుల కౌలుదారులు చెల్లించే ఆ సొమ్ము గని పక్కనున్న పల్లెకు చేరుతున్నదా అని అడిగే చైతన్యం ప్రజలకు కలగాలి. హనుమంతు ప్రాణమిచ్చి అడిగినదానిని, నేటి యువకుడు సమాచార హక్కు చట్టం చేతబట్టుకొని ఒక దరఖాస్తుతో అడగవచ్చును.

బ్రహ్మనాయుడు కులభేదం పాటించక అందరినీ ఒకే పంక్తిలో కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించాడని పల్నాటి కథ చెబుతుంది. అభివృద్ధికి అంతకంటె మంచి నిర్వచనం వెదకనవసరం లేదు. కర్మాగారపు పొగగొట్టం ఎంత ఎత్తున ఉన్నదని కాక, దాని నీడలో ఉన్న బట్టీ కూలీకి, మెరక చేని రైతుకు, పట్టా పుచ్చుకొన్న విద్యార్థికి ఆ పంక్తిలో చోటు దొరికిందా లేదా అని చూడాలి. చాప పరచి ఉన్నా కొందరే కూర్చుంటే అది చాపకూడు అనిపించుకోదు.

మహాశివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్ళకు పల్లెపల్లె నుండి ప్రభలు తరలివస్తాయి. ఆకాశాన్నంటే ఆ ప్రభను ఏ ఒక్కరూ కట్టలేరు, ఏ ఒక్కరూ నిలబెట్టలేరు. ఊరంతా చందా వేసుకొని, ఊరంతా మోకు పట్టి, ఊరంతా తోడు నడిస్తేనే అది కొండ దగ్గరకు చేరుతుంది. రాత్రివేళ దాని విద్యుద్దీపాలు మైళ్ళ దూరం కనిపిస్తాయి. రాయి, నీరు, దారి అనే మూడింటినీ సమకూర్చుకొంటున్న పల్నాడు, తన ప్రగతి ప్రభను కూడా ఆ విధంగానే నిలబెట్టుకోవాలి. ఆనాడు మాచర్ల బండిలో పెట్టె పట్టుకొని వెళ్ళిన యువకుడు, అదే బండిలో, అదే పెట్టెతో, తిరిగి తన ఊరి స్టేషనులో దిగుతాడు.